సూది ఎక్కడ గుచ్చాలో చూపించే పరీక్ష వరంగల్‌లోనే ఉండాలి

సంపాదకులకు,

మా బావది ములుగు దగ్గర పల్లె. పోయిన చలికాలం కళ్లు పచ్చబడితే కామెర్లేనని ఊళ్లో పసరు పోయించుకున్నాడు. 21 రోజులు. ఒళ్లంతా దురద, మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగాక వరంగల్ తీసుకొచ్చాం. సీటీ స్కాన్‌లో పాంక్రియాస్ (క్లోమగ్రంథి) తల భాగంలో గడ్డ కనబడింది. క్యాన్సరో, పాత వాపే గట్టిపడిందో తేలలేదు. హైదరాబాద్ వెళ్లమన్నారు. అక్కడ ఒక ఆసుపత్రిలో సూదితో గడ్డలోంచి పరీక్షకు ముక్క తీశారు. వారం ఆగితే వచ్చిన రిపోర్టు: చచ్చిన కణజాలమే పడింది, మళ్లీ తీయాలి.

రెండోసారి ఇంకోచోట చేయించాం. అక్కడి డాక్టరు వీడియో పెట్టి ఓపిగ్గా చూపించారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో నోటి ద్వారా దించే గొట్టం కొసనే స్కానర్ ఉంటుంది. పాంక్రియాస్ ఉండేది కడుపు వెనకాల. పొట్ట మీద పెట్టి చూస్తే గ్యాస్ అడ్డొస్తుంది, లోపలి నుంచైతే కడుపు గోడ అవతలే. చేతి నరానికి గ్యాస్ బుడగల మందు ఎక్కించారు. ఎర్ర రక్తకణాలంత చిన్న బుడగలట, రక్తం పారే చోటల్లా తెర మీద మెరుస్తాయి. ఆ గ్యాస్ తర్వాత ఊపిరితోనే పోతుంది, కిడ్నీలతో పని లేదు.

అర నిమిషంలోపే చుట్టూ పాంక్రియాస్ తెల్లగా వెలిగింది. గడ్డ మాత్రం మబ్బుగానే ఉంది, దాని నడుమ ఒక మచ్చయితే కటిక నలుపు. "ఇక్కడ రక్తమే లేదు. పోయినసారి సూది ఇందులోకే దిగి ఉంటుంది" అన్నారాయన. ఈసారి అంచున కాస్త మెరుస్తున్న చోట గుచ్చారు. క్యాన్సరేనని తేలింది.

పాంక్రియాస్ క్యాన్సర్ ఎక్కువగా ఇలా మసకగానే కనబడుతుందట. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డలు భగ్గున వెలుగుతాయి, వాపు గడ్డలు చాలావరకు చుట్టూ ఉన్న పాంక్రియాస్‌లాగే కనిపిస్తాయి. అయినా బుడగలు చూసి తీర్పు చెప్పరు, ముక్క పరీక్షే ఖాయం చేయాలి.

వరంగల్ పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో పునాదిరాయి వేశారు. అందులోకి కొనే సామాను జాబితాలో ఈ మిషన్‌ను, బుడగల మందును చేర్చమని అధికారులను కోరుతున్నాను. మిషన్ తెచ్చి మూలన పెడితే లాభం లేదు. చేయి తిరిగిన గ్యాస్ట్రో డాక్టరు కావాలి. తీసిన ముక్క సరిపోయిందో లేదో అక్కడికక్కడే స్లైడ్ చూసి చెప్పే పాథాలజిస్టు కూడా ఉండాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది, సంతోషమే. కానీ జబ్బు పేరు తేలేదాకా కార్లకు, లాడ్జికి పెట్టిందంతా మా అక్క జేబులోంచే పోయింది.

బావకు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. కళ్లు పచ్చబడ్డ నాటి నుంచి జబ్బు పేరు తెలిసే సరికి 52 రోజులు. పసరుకు పోయిన 21 రోజులు మా తప్పే, ఒప్పుకుంటాం. మిగతా 31 రోజుల సంగతే నేను అడుగుతున్నది.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల