మంచు దారులకు ఆల్ టెరైన్ టైర్లు: కొనేముందు సైడ్‌వాల్ చదవండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం దగ్గరపడేసరికి వాహనాల పేజీల నిండా ఆల్ టెరైన్ టైర్ల బొమ్మలే కనిపిస్తాయి. పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు, లోతైన గాడులు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద తెల్లటి అక్షరాలు. ఆ వాలకం చూసి, పెద్ద ఎస్‌యూవీకి ఇవి బిగిస్తే మంచుకు ఇక భయం లేదనుకునేవాళ్లు చాలామంది. ఆ దిమ్మలు బురదలో, కంకరలో బాగా పనికొస్తాయి. మంచు మీద పట్టు ఇచ్చేవి మాత్రం చలికి బిగుసుకోని రబ్బరు, దిమ్మల మీద కోసిన సన్నని చీలికలు, బండి బరువుకు సరిపడా గాలి. వీటిలో ఏదీ బొమ్మలో కనపడదు. సైడ్‌వాల్ మీది అక్షరాలు చదివితే చాలావరకు తెలుస్తుంది.

ముందు మంచు గుర్తుల సంగతి. 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే బురదకూ మంచుకూ పనికొస్తుందని అర్థం చెబుతారు. కానీ ఆ అక్షరాలు ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) ఆకారాన్ని బట్టి తయారీదారు వేసుకునేవి. గాడుల ఖాళీ జాగా నిర్ణీత పాళ్లలో ఉంటే చాలు, మంచు మీద నడిపి పరీక్షించాలన్న నియమం దానికి లేదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న గుర్తు వేరు. 1999లో ఉత్తర అమెరికాలో వచ్చిన ఈ గుర్తుకు గట్టిపడిన మంచు మీద పరీక్ష ఉంది. ప్రామాణిక టైరు పట్టు 100 అనుకుంటే, దీనికి కనీసం 110 రావాలన్నది మొదటి నియమం. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలపు టైరుగా ఈ కొండ గుర్తు ఉన్నదాన్నే ఒప్పుకుంటున్నారు.

కొనేవాళ్లు ఇక్కడే ఒక తప్పు చేస్తారు. ఒకే పేరుతో అమ్మే టైర్లలో కొన్నింటికి ఆ గుర్తు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కూపర్ డిస్కవరర్ ఏటీ3 వరసలో 4ఎస్ రకానికి కొండ గుర్తు ఉంది, ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే ఎక్కువ బరువు మోసే) రకానికి లేదు. కాబట్టి పేరు చూసి ఆర్డర్ ఇవ్వకుండా, మీకు కావలసిన సైజు టైరు మీద గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

ఆ గుర్తు ఉన్నంతమాత్రాన నున్నటి ఐసు మీద బండి ఆగుతుందని కాదు. ఉత్తర అమెరికా పరీక్ష మంచు మీద తిన్నగా లాగే పట్టును కొలుస్తుంది. ఐసు మీద బ్రేకు, మలుపు అందులో లేవు. కంకర రాళ్లకు చిట్లకుండా ఉండాలని ఆల్ టెరైన్ రబ్బరును కాస్త గట్టిగానే చేస్తారు. చలి ముదిరేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఐసు మీద పల్చటి నీటి పొర ఉన్నప్పుడైతే ఏ ఆల్ టెరైన్ టైరూ అసలైన వింటర్ టైరుతో సాటి రాదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి పడదు. రెండున్నర టన్నుల బండి విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన తేడా. రోడ్ల మీది మంచు ఎప్పటికప్పుడు తీసే చోట, మధ్య మధ్య కంకర దారి తగిలే చోట కొండ గుర్తున్న ఆల్ టెరైన్ టైర్లు ఏడాదంతా నడుస్తాయి. నెలల తరబడి రోడ్డు మీద ఐసు పేరుకునే చోట ఖర్చయినా సరే, రెండో సెట్టు రిమ్ములతో వింటర్ టైర్లు పెట్టుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక బరువు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. బండితో వచ్చిన టైరు 275/65ఆర్18 116టీ అనుకుందాం. ఇందులో 275 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, 18 రిమ్ము అంగుళాలు. 116 అనేది లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు 1,250 కిలోలు మోస్తుంది, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ దీనికి తగ్గకూడదు. ఇదే సైజు ముందు ఎల్‌టీ అని ఉండి, లోడ్ రేంజ్ (టైరు బలం తరగతి) 'E' అయితే ఇండెక్స్ 123 ఉంటుంది, అంటే 1,550 కిలోలు. బలమైనదే కదా అని చాలామంది అదే తీసుకుంటారు. కానీ ఆ 1,550 కిలోలు మోసేది 80 పీఎస్ఐ గాలి ఉన్నప్పుడు. తలుపు పక్క స్టిక్కర్ మీద ఉన్న 35 పీఎస్ఐతో నడిపితే అదే టైరు పాత టైరు కంటే తక్కువ బరువు మోస్తుంది. సైడ్‌వాల్ అతిగా వంగి వేడెక్కుతుంది, ట్రెడ్ అంచులు ముందు అరుగుతాయి. పాత టైరుతో సమానంగా మోయాలంటే స్టిక్కర్ మీది అంకె కన్నా చాలా ఎక్కువ గాలి కొట్టాలి. కచ్చితమైన అంకె టైరు తయారీదారు ఇచ్చే లోడు, గాలి పట్టికలో ఉంటుంది. గాలి కొట్టే మనిషి అంచనాకు వదిలేయకూడదు. బండిలోని గాలి హెచ్చరిక దీపం పాత అంకెకే వెలిగేలా ఉంటుంది గనుక దాన్నీ కొత్త అంకెకు మార్పించాలి.

ఇన్ని తిప్పలు పడితే మంచులో దక్కేదేమిటి? టైరుకు నాలుగైదు కిలోల అదనపు బరువు, గట్టి సైడ్‌వాల్, ఐసు మీద సరిగా అతుక్కోని దిమ్మలు. భారీ ట్రైలర్ లాగేవాళ్లకు, పదునైన రాళ్ల దారిలో తిరిగేవాళ్లకు ఎల్‌టీ తప్పదు. కుటుంబంతో, సామానుతో తిరిగే ఎస్‌యూవీకి మామూలు రకమే సరి.

సైజు మార్చాలనుకుంటే వెడల్పు పెంచకండి. వెడల్పాటి టైరు మెత్తటి మంచును కోసుకుపోలేక పైకి తేలుతుంది, కరిగిన బురద మంచులో ఇంకా ముందే తేలుతుంది. 275/60ఆర్20 మీద నడిచే బండికి 265/70ఆర్18 వేస్తే వ్యాసం 838 మిల్లీమీటర్ల నుంచి 828కి, అంటే 1.2 శాతమే తగ్గుతుంది. సైడ్‌వాల్ ఎత్తు మాత్రం 165 నుంచి 185 దాటుతుంది. మంచు కింద దాగిన గుంతలో పడినప్పుడు రిమ్ము వంగకుండా కాపాడేది ఆ 20 మిల్లీమీటర్లే. అయితే 18 అంగుళాల రిమ్ము బ్రేకు కాలిపర్‌కు (చక్రం లోపల బ్రేకు పట్టే భాగానికి) తగలకుండా కూర్చుంటుందో లేదో ముందు చూసుకోవాలి. అదే 285/70ఆర్18కి వెళితే వ్యాసం 18 మిల్లీమీటర్లు పెరిగినా బండి లేచేది 9 మిల్లీమీటర్లే. చక్రం చుట్టూ ఉన్న జాగా తగ్గుతుంది. ఎండలో బిగించినప్పుడు తగలని టైరు, ఆ సందులో మంచు గడ్డకట్టాక మలుపులో రాసుకుంటుంది. మంచులో పట్టు కోసం టైరుకు చుట్టే చైన్లకు కూడా చోటు మిగలదు.

అరుగుదల విషయంలో చట్టం చాలా చోట్ల గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లు మిగిలేదాకా ఒప్పుకుంటుంది. మంచుకు అది చాలదు, 4 మిల్లీమీటర్ల దగ్గరే మార్చాలి. ఆస్ట్రియాలో రేడియల్ టైరు అంతకన్నా అరిగితే చలికాలపు టైరుగా లెక్కే వేయరు. ఆల్ టెరైన్ టైరు కొత్తలో 11, 12 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది కాబట్టి సగం అరిగినా ఇంకా చాలా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ దిమ్మల మీది సన్నని చీలికలు చాలా టైర్లలో అడుగుదాకా ఉండవు. అవి పోతే గాడులు మిగిలినా మంచు పట్టు పోయినట్టే. కొండ గుర్తు కొత్త టైరుకు ఇచ్చిందని మరవకూడదు. కొనేటప్పుడే చీలికలోకి పల్చటి రేకు పెట్టి లోతు చూడండి. తయారీ తేదీ కూడా చూడండి. సైడ్‌వాల్ మీద 'DOT' అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు 3524 అయితే 2024లో 35వ వారం అని.

నాలుగూ ఒకేసారి మార్చాలి. రెండే మారిస్తే, ట్రెడ్ లోతులో 5 మిల్లీమీటర్ల తేడా వ్యాసంలో 10 మిల్లీమీటర్లవుతుంది. నిత్యం నాలుగు చక్రాలూ తిరిగే బండిలో ఆ తేడాను ముందు, వెనక చక్రాల మధ్య శక్తిని పంచే డిఫరెన్షియల్ లేదా క్లచ్ రోజంతా మోసి వేడెక్కుతుంది. స్టడ్లు (ఐసు పట్టుకు టైరులో దిగేసే లోహపు మేకులు) వేయించాలంటే వాటికి రంధ్రాలున్న టైరే కొని, రోడ్డెక్కక ముందే వేయించాలి, అదీ అక్కడి చట్టం ఒప్పుకుంటేనే.

గాలి సంగతి ఒక్కటి మిగిలింది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే దాదాపు 1 పీఎస్ఐ పడిపోతుంది. 20 డిగ్రీల గ్యారేజీలో 35 చూపించిన టైరు, బయట మైనస్ 15లో 29 చూపిస్తుంది. బండి రాత్రంతా బయట ఉన్నాక, పొద్దున్నే కదలకముందు కొలవాలి. బిగించిన 80 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో (నిర్ణీత బలంతో బిగించే పానాతో) మళ్లీ సరిచూడాలి.

మీ పత్రికలో టైర్ల పట్టికలు వేసేటప్పుడు ధర పక్కన మరో మూడు గడులు చేర్చవలసిందిగా కోరుతున్నాను: ఆ సైజుకు కొండ గుర్తు ఉందా లేదా, లోడ్ ఇండెక్స్ ఎంత, టైరు బరువు ఎన్ని కిలోలు.

– ఒక పాఠకుడు