నే విన్ నోట్లు, మా పక్కింటి రేకు పెట్టె

సంపాదకుల వారికి,

మయన్మార్ సైనిక పాలన వార్తలు మీ పత్రికలో చదివినప్పుడల్లా నాకు నే విన్ గుర్తొస్తాడు. బర్మాలో (ఇప్పటి మయన్మార్) 1962 మార్చి 2న తుపాకీ పట్టుకుని గద్దెనెక్కిన జనరల్. ఆ జులైలోనే రంగూన్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘ భవనాన్ని సైన్యం పేల్చేసింది. తర్వాత బ్యాంకులు, దుకాణాలు జాతీయమయ్యాయి. 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. తరతరాలుగా అక్కడ బతికిన భారతీయులు లక్షల్లో ఓడలెక్కారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మా పక్కింటి తాతగారు పోయేదాకా అటక మీది రేకు పెట్టెలో కొన్ని క్యాట్ (బర్మా కరెన్సీ) నోట్లు దాచుకున్నారు, బొరుగులు కూడా రాని కాగితాలు!

1987 సెప్టెంబరులో మరీ విడ్డూరం. 25, 35, 75 క్యాట్ల నోట్లను పైసా పరిహారం లేకుండా రద్దు చేసి, 45, 90 నోట్లు తెచ్చాడు. రెండూ తొమ్మిది ఎక్కంలోవే; తొమ్మిది ఆయనకు కలిసొచ్చే అంకెట. ఆ నోట్లతో కూరగాయల బేరం ఎలా చేశారో, చిల్లర ఎలా ఇచ్చుకున్నారో!

మరుసటి ఏడాది జనం రోడ్డెక్కారు. జులై 23న పాలక పార్టీ పదవి వదులుకుంటూ కూడా, సైన్యం కాలిస్తే గాల్లోకి కాల్చదని బెదిరించి మరీ దిగాడు. అన్నంత పనీ చేశారు. 2002లో అల్లుడు, మనవలు కుట్ర కేసులో జైలుకెళ్లారు. ఆయన గృహనిర్బంధంలోనే డిసెంబరు 5న పోయాడు. రాజ్య లాంఛనాలు లేవు.

బర్మా నుంచి వచ్చిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వాళ్ల జ్ఞాపకాలు మీ ఆదివారం సంచికలో వేయండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం