మే 28న బీరువా తాళం తీయించండి

తెలంగాణ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

అయ్యా,

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన పంతుల్ని. మాది పాలమూరు వైపు. కిందటేడు మే 28న పొద్దున్నే మా ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. సురవరం ప్రతాపరెడ్డి గారి జయంతి కదా, నాలుగు మంచి మాటలు వినిపిస్తాయేమోనని. పేపర్లు పరిచే బల్ల మీద ఆయన ఫోటో, ఒక బంతిపూల దండ, రెండు అగరుబత్తీలు. వచ్చింది నాతో కలిపి నలుగురం. ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీసి ఒక పేజీ చదువుదామంటే బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. అద్దంలోంచి పుస్తకం మాత్రం కనబడుతూనే ఉంది. "ఎండాకాలం గద సార్, ఎవరొస్తరు?" అన్నాడు అక్కడి కుర్రాడు. దండ వేసినట్టు ఫోటో తీసి పై ఆఫీసుకు వాట్సాప్‌లో పంపాడు. జయంతి అయిపోయింది.

బయటికొస్తే చౌరస్తాలో టెంటు, నిలువెత్తు ఫ్లెక్సీ, మైకు. ఎన్టీఆర్ పుట్టింది కూడా ఆ రోజే. సురవరం 1896, ఆయన 1923. పులిహోర, మజ్జిగ పంచుతున్నారు. నేనూ లైన్లో నిలబడ్డాను, దాచడమెందుకు. ఇంతలో ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ఆటో అన్న మైకు అందుకుని ఎన్టీఆర్ సినిమాలోని దుర్యోధనుడి మాటలు ఎత్తుకున్నాడు. చేతిలో కాగితం లేదు. అంత పొడుగు సమాసాల్లో ఊపిరి ఎక్కడ తీయాలో తెలుసు, ఒక్క ఒత్తు జారలేదు. నా క్లాసుల్లో అట్లా చదివిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లైన్లో వాళ్లు పొట్లాలు విప్పకుండా విన్నారు.

గ్రంథాలయం అక్కడికి రెండొందల అడుగులు ఉంటుందేమో. పుస్తకం ఇటు, వినే చెవులు అటు.

సురవరం గారు చూసి ఉంటే ముందు ఆ పులిహోర సంగతే రాసుకునేవారని నా నమ్మకం. ఆయన చరిత్రలో రాజులు వెనక వరుసలో కూర్చుంటారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని పాల్కురికి సోమన్న లాంటి పాత కవుల్నీ, 'క్రీడాభిరామం', 'శుకసప్తతి' లాంటి పాత కావ్యాల్నీ గాలించి పట్టుకున్నారు. పుస్తకం 1949లో వచ్చింది. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో దానికే దక్కింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

మీతో గట్టిగా చెప్పాలనుకున్నది 'గోలకొండ కవుల సంచిక' గురించి. నైజాంలో తెలుగు కవులు పూజ్యం అని ఒకరన్నారు. ఆయన అన్నది సున్నా అనే అర్థంలో. ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. తన 'గోలకొండ పత్రిక' ద్వారా ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో సంచిక అచ్చు వేసి చేతిలో పెట్టారు. పూజ్యానికి రెండో అర్థం అట్లా నిలబెట్టారు. ఇవాళ ఒక మండలంలో నిలబడి, ఆ సంచికలో మీ ఊరి కవి ఎవరు అని అడగండి. టీచర్లు కూడా తెల్లమొహం వేస్తారు. నేనూ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేసినవాణ్ణే.

ఎన్టీఆర్ పేరెత్తితే రాజకీయమవుతుందని మీ అధికారులు జంకవచ్చు. పార్టీ సంగతి పార్టీ చూసుకుంటుంది. తెలుగు విశ్వవిద్యాలయం 1985 డిసెంబరు 2న పుట్టింది ఆయన ప్రభుత్వంలోనే. రాష్ట్ర అకాడమీలను రద్దుచేసి అందులో కలిపారన్న కోపం సాహిత్యం వాళ్లలో చాలామందికి ఉండేది, నాకూ ఉంది. అయినా అదే విశ్వవిద్యాలయానికి మీ ప్రభుత్వం సురవరం పేరు పెట్టింది. నాంపల్లి ప్రాంగణంలో హాలు పేరేమో ఎన్టీఆర్ కళామందిరం. ఒకే తేదీన పుట్టిన ఇద్దరూ ఒకే గేటులోపల ఉన్నారు. ఆ రోజు పొద్దున ఎన్టీఆర్ ఘాట్‌కు వచ్చే జనంలో సగం మంది నాంపల్లి దాకా రారా, పిలిస్తే?

జిల్లాల్లో చేయాల్సింది ఇంకా చిన్న పని. సంచికలోంచి ఏ జిల్లా కవుల పద్యాలు ఆ జిల్లాకు విడదీసి, పది రూపాయల పుస్తకంగా వేయించండి. ఎండ తగ్గాక, సాయంత్రం ఆరింటికి, చౌరస్తాలో ఆ టెంటు పక్కనే గ్రంథాలయం వాళ్లు ఒక బల్ల వేయాలి. చదివించడానికి హైదరాబాదు నుంచి వక్తలు అక్కర్లేదు. పద్యం నోటికి వచ్చిన ఆటో అన్నలు ప్రతి ఊళ్లో ఉన్నారు. బడులకు సెలవులు కాబట్టి, జూన్ 12న తెరిచాక అదే పుస్తకం పిల్లల చేతికివ్వాలి. జూన్ 2 ఏర్పాట్లతో మీ శాఖకు ఊపిరి సలపదని తెలుసు, అందుకే ఫిబ్రవరిలోనే అచ్చుకు ఇమ్మంటున్నాను.

గ్రంథాలయాలు మీ కింద లేవు, విద్యాశాఖకు ఒక ఉత్తరం రాయాల్సి ఉంటుంది. రాసేటప్పుడు, మే 28న బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా అందులో ఒక వాక్యం వేయించండి.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు పండితుడు