ఊపిరి లెక్కపెట్టే ఆ ఒక్క నిమిషం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఈసారి ఏదైనా వార్డుకి వెళ్లినప్పుడు పేషెంట్ల ఛార్టులు తీయించి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే గడి చూడండి. వరసగా 20, 20, 20 అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. బీపీ, పల్స్ మిషన్ చెప్పేస్తుంది. ఊపిరి మాత్రం పక్కన నిలబడి నిమిషం పాటు లెక్కపెట్టాలి. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు ముందుగా మారే వాటిలో అదొకటని మాకు మొదట్లోనే నేర్పుతారు. కాబట్టి తెలియక రాసే తప్పు కాదండీ ఇది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ లెక్కపెట్టకుండా 20 అని రాశాను. నైట్ డ్యూటీ. ఆపరేషన్ అయిన రెండో రోజు పేషెంట్. బీపీ బాగుంది, జ్వరం లేదు. సీనియర్ సిస్టర్ అటుగా వెళ్తూ ఆగిపోయారు. "సాయంత్రం నాతో కబుర్లు చెప్పిన మనిషి, ఇప్పుడు చూడు, ఊరికే దుప్పటి లాగేసుకుంటున్నాడు" అని వాచీ చూస్తూ లెక్కపెట్టారు. 32. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తే విసుక్కున్నారు. ఆవిడ మళ్లీ చేశారు. మూడోసారికి డాక్టరు వచ్చారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందని తేలింది, మనిషి బతికాడు. నన్ను ఆవిడ తిట్టలేదు. "నువ్వు రాసింది కొట్టేసి సంతకం పెట్టు. పొద్దున డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో నువ్వే చెప్పు" అన్నారు. చెప్పేసరికి చెమటలు పట్టాయి.

చిన్న వయసులో గణితంలో దిట్ట కావచ్చు గానీ వివేకవంతులు కాలేరనీ, దానికి అనుభవం కావాలనీ అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. కొత్త నర్సు నిపుణురాలు కావడానికి 5 మెట్లున్నాయని 1984లో నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రిషియా బెనర్ చెప్పిందీ అనుభవం గురించే. కానీ ఏళ్ల తరబడి లెక్కపెట్టకుండా 20 అని రాయడం కూడా అనుభవమే కదా! ఆ సిస్టర్‌కి కళ్లు మాత్రమే కాదు, ఎవరూ చూడనప్పుడు కూడా లెక్కపెట్టే అలవాటు ఉంది. విసుక్కున్నా మళ్లీ ఫోన్ చేసే మొండితనం ఉంది. దాన్ని స్కిల్ ల్యాబులో బొమ్మ మీద నేర్చుకోలేం. అలాంటి మనిషి పక్కన నిలబడితేనే వస్తుంది.

మరి అలాంటి మనిషిని మనం ఏం చేస్తున్నాం? ప్రమోషన్ ఇచ్చి రిజిస్టర్లు, ఇండెంట్లు (సామాన్ల కోసం రాసే కాగితాలు) ఉండే గదిలో కూర్చోబెడుతున్నాం. వార్డులో కొత్తవాళ్లకి కొత్తవాళ్లే దిక్కు.

పేషెంట్ పక్కనే ఉంటూ జీతం, హోదా పెరిగే దారి ఒకటి వేయండి. కొత్త నర్సుకి నేర్పే రోజుల్లో సీనియర్‌కి అప్పగించే పడకలు తగ్గించండి. తన తప్పు తానే వచ్చి చెప్పిన నర్సుకి మెమో ఇవ్వడం ఆపించండి. అన్నట్టు, తనిఖీకి వచ్చేవాళ్లు గడి నిండిందా లేదా అనే చూస్తారు. ఒక్క పడక దగ్గరైనా ఆగి, నిమిషం లెక్కపెట్టి, ఆ అంకెతో పోల్చి చూడమని వాళ్లకి చెప్పండి.

ఇట్లు,
ఒక నర్సు