పట్టాలు వేశారు, ఇక రైళ్లు నడపండి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్‌ను ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా పొడిగించే మాట మళ్లీ వినిపిస్తోంది. సంతోషమే. కాని ముందు, ఇప్పటికే పూర్తయిన రెండో దశ లైన్ల మీద రోజుకు ఎన్ని లోకల్ రైళ్లు తిరుగుతున్నాయో మన ప్రజాప్రతినిధులు ఒకసారి టైంటేబుల్ తెరిచి చూడాలి.

816 కోట్ల అంచనాతో మొదలైన రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నారు. ఎవరి వాటా ఎంత బాకీ అన్న తగువులోనే ఏళ్లు గడిచాయి. చివరికి మేడ్చల్ లైను 2023 ఏప్రిల్‌లో, సనత్‌నగర్–మౌలాలి లైను 2024 మార్చిలో ప్రారంభమయ్యాయి. రెండింటికీ ప్రధానే వచ్చారు కాబట్టి జెండాలకు లోటు లేదు. విమానాశ్రయానికి రైలన్నది మాత్రం ఉందానగర్‌తోనే ఆగింది. మేడ్చల్ వైపైనా, ఘట్‌కేసర్ వైపైనా ఒక బండి తప్పిందంటే ఇక బస్సో ఆటోనో చూసుకోవాల్సిందే.

అసలు చిక్కు పట్టాల దగ్గరుంది. ముంబయిలో చాలాచోట్ల లోకల్ రైళ్లకు విడిగా లైన్లున్నాయి. మన దగ్గర నిజాం కాలంలో, 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేసిన మార్గంలోనే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు, ఎంఎంటీఎస్‌లు అన్నీ సర్దుకోవాలి. వెనక దూరప్రాంతపు బండి వస్తోందంటే పక్కకు తప్పుకునేది లోకలే. 2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. హైటెక్ సిటీలో తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కాల్సినవాడు "ఔటర్ సిగ్నల్ దగ్గర రైలు ఆపేశారు సార్" అని ఎన్నాళ్లు చెబుతాడు? అప్పు చేసైనా బైకు కొంటాడు. ఆ తర్వాత జనం ఎక్కడం లేదంటూ సర్వీసులు తగ్గించడం ఎంత సులువో!

ఇప్పుడొక మంచి అవకాశం వచ్చింది. 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినల్ తెరిచారు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం కోసం కొన్ని ఎక్స్‌ప్రెస్‌లను అక్కడికి మార్చారు కూడా. పని పూర్తయ్యాక వాటన్నిటినీ తిరిగి సికింద్రాబాద్‌కే తేవద్దు. అలా ఖాళీ అయిన వేళలను ఉదయం, సాయంత్రం లోకల్ రైళ్లకు రాసివ్వాలి. గూడ్సులను వీలైనంత వరకు సనత్‌నగర్–మౌలాలి మీదుగా మళ్లించాలి. సికింద్రాబాద్–లింగంపల్లి మధ్య లోకల్‌కు విడి లైన్లు వేయడం ఖర్చుతో, భూసేకరణతో కూడిన పనే. అయినా కొత్త పొడిగింపు కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడే అని నా అభిప్రాయం. యాదాద్రి దాకా పట్టాలు వేసినా, ఆ బండీ మౌలాలి దాటాక ఇదే ఇరుకులోకి రావాలి కదా.

ఎంఎంటీఎస్ టికెట్ 5 రూపాయల నుంచి మొదలవుతుంది. 2025లో మెట్రో చార్జీలు పెరిగాక, కూలీనాలీ చేసుకునేవారికి, చిరుద్యోగులకు నగరంలో డబ్బిచ్చి ఎక్కేవాటిలో ఇంత చౌక రవాణా మరొకటి లేదు. రద్దీ వేళల్లో మేడ్చల్, ఘట్‌కేసర్ మార్గాల్లో కనీసం అరగంటకొక రైలు, ఆ రైలు వేళకు స్టేషన్ బయట ఒక ఆర్టీసీ బస్సు ఉండేలా రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కూర్చుని టైంటేబుల్ వేయాలి. దీనికి భూసేకరణ కూడా అక్కర్లేదు.

భవదీయుడు,
ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు,
అల్వాల్, సికింద్రాబాద్