చలిలో గడ్డం గీసే ముందు మూడు నిమిషాలు

సంపాదకులు గారికి నమస్కారం.

చలికాలం మొదలైన దగ్గర్నుంచి మీ పత్రికలో పెదాలు పగలకుండా ఏం రాసుకోవాలి, మడమలకు ఏం చేయాలి, చంటిపిల్లలకు ఏ నూనె మంచిది అని చాలా రాశారు. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ కాగితాలు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు కూడా. కానీ పొద్దున్నే బ్లేడుతో మొహం గీసుకునే మగవాళ్ల గురించి ఒక్క ముక్క కూడా కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం. ఈ బాధ నా ఒక్కడిదే అయితే రాసేవాణ్ని కాదు. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర చూస్తే డిసెంబరు, జనవరి నెలల్లో సగం మంది దవడలు ఎర్రగా కంది, మెడ మీద తెల్లగా పొట్టు లేచి ఉంటాయి, అడిగితే "బ్లేడు బాగాలేదన్నా" అంటారు.

మాది అల్వాల్. మా నాన్నకు 78 ఏళ్లు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన గడ్డం నేనే గీస్తున్నా, రోజు విడిచి రోజు, మంగళవారం, శుక్రవారం తప్పించి. ఆ పట్టింపు ఆయనది, నేను కాదనను. గుండె డాక్టరు ఆయనకు రక్తం పలచబడే మాత్ర రాశారు, అది వేసుకునేవాళ్లకు చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు. పోయిన చలికాలంలో ఒకరోజు ఆఫీసుకు టైమవుతోందన్న టెన్షన్‌లో నల్లా నీళ్లు చల్లగా ఉన్నవి అలాగే మొహానికి పూసి, పైన క్రీమ్ రాసి, వెంటనే బ్లేడు పెట్టాను. దవడ కింద రెండు చోట్ల తెగింది. దూది ఒత్తి పట్టుకుని పావుగంట కూర్చున్నా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, "చలికి చర్మం బిగుసుకుందిరా" అన్నారంతే. ఆ రోజు ఆఫీసులో పని సాగలేదు. అప్పట్నుంచి నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో ఒక్కొక్కటే గమనిస్తూ, తెలిసినవాళ్లని అడుగుతూ వచ్చాను.

అసలు సంగతి నీళ్ల దగ్గరే ఉంది. గడ్డం వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే మెత్తబడుతుంది, మెత్తబడితే బ్లేడు దాన్ని తేలిగ్గా కోస్తుంది. పీల్చుకోవడానికి మాత్రం టైం కావాలి, గోరువెచ్చని నీళ్లయితే రెండు మూడు నిమిషాలు పడుతుంది, చల్లటి నీళ్లకు ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో చెమటకు, వేడికి చర్మం ముందే తడిగా, వదులుగా ఉంటుంది కాబట్టి మనం ఏ పద్ధతీ పాటించకపోయినా నడిచిపోతుంది. డిసెంబరులో గాలిలో తేమ తగ్గిపోతుంది, పటాన్‌చెరు లాంటి శివార్లలో తెల్లవారుజామున 10 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది, చర్మం పొడిబారి గరుకెక్కుతుంది. అదే బ్లేడు, అదే క్రీమ్, అయినా తెగట్లేదు అనిపిస్తుంది. అప్పుడు అందరం చేసేది ఒకటే, ఇంకాస్త ఒత్తి గీస్తాం. ఒత్తితే వెంట్రుకతో పాటు చర్మం పైపొర కూడా లేచిపోతుంది, మంట అక్కడే మొదలు.

మా బాత్రూం అలమరాలో కొబ్బరి నూనె సీసా ఉంటుంది. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల కింద పేరుకుంటుంది కదా, పొద్దున సీసా వంచితే నూనె కదలకపోతే ఇక ఆ రోజు నుంచి నాన్నకు చలికాలం పద్ధతి మొదలుపెడతా. కుర్చీ కిటికీ దగ్గర వేసి, స్టీలు చెంబులో గీజర్ నీళ్లు పట్టి, ముందు నా ముంజేతి మీద పోసుకుని చూస్తా. చుర్రుమంటే ఇంకొంచెం చన్నీళ్లు కలుపుతా, ఎందుకంటే మరీ వేడినీళ్లు చర్మంలో ఉన్న కాస్త నూనెనూ కడిగేస్తాయి. పాత నూలు తువ్వాలు అందులో ముంచి, పిండి, ఆయన చెంపలకూ గడ్డం కిందకూ చుట్టి వదిలేస్తా. ఆయన కళ్లు మూసుకుంటారు. ఆ మూడు నిమిషాల్లో నేను బ్రష్‌ని వెచ్చటి నీళ్లలో నానబెట్టి, గిన్నెలో సబ్బు మీద తిప్పి నురగ చేస్తాను. ఎండాకాలం కంటే నీళ్లు నాలుగు చుక్కలు ఎక్కువే వేస్తా, పెరుగులా చిక్కగా, మెరుస్తూ ఉండాలి నురగ, గాలి బుడగలతో పొంగితే అది మొహం మీద నిమిషంలో ఆరిపోతుంది. తువ్వాలు తీయగానే ఆరనివ్వకుండా నురగ పూయాలి. రేజర్‌ని కూడా చెంబులో ఒకసారి ముంచితే చల్లటి ఇనుము తగిలి ఆయన ఉలిక్కిపడరు.

ముసలివాళ్ల చర్మం పలచన, వదులు. రెండు వేళ్లతో చెవి వైపు లాగి పట్టుకుని, వెంట్రుక వాలిన వైపే, చిన్న చిన్న గీతలుగా గీయాలి. చలికాలంలో ఎదురు గీయడం పూర్తిగా మానేశాను. కొంచెం గరుకు మిగులుతుంది, మిగలనీ. బ్లేడు బరువుకే తెగాలి, చెయ్యి బరువు వేయకూడదు, నాలుగైదు సార్లు వాడాక మార్చేయాలి. మంచి బ్లేడు ఖరీదు ఒక సమోసా కంటే తక్కువే, అక్కడ పొదుపు చేయడం నాకు అర్థం కాదు.

ఇంకో చిక్కు ఉంది, ఇది మన ఇళ్లకు సంబంధించినది. వేడినీళ్ల స్నానం చేశాక గీసుకుంటే గడ్డం నాని ఉంటుంది, అదే మంచిదని చాలామంది చెబుతారు. మన దగ్గర గడ్డం గీసుకున్నాకే తలస్నానం, స్నానం చేసి మళ్లీ గీసుకుంటే మైల అంటారు. నాన్నతో ఈ విషయంలో వాదించి లాభం లేదు, వాదించాల్సిన అవసరమూ లేదు, వేడి తువ్వాలు ఆ పని చేసేస్తుంది. బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా ఇది గమనించాలి. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు నురగ రాదు సరికదా తెల్లటి తెట్టులా చర్మానికి పట్టుకుంటుంది. గడ్డానికి ఒక్క చెంబు మంచినీళ్లు వాడుకున్నా తేడా తెలుస్తుంది.

గీశాక చేసేది కూడా చలికాలంలో మారాలి. స్పిరిట్ వాసన వచ్చే ఆఫ్టర్‌షేవ్ చురుక్కుమంటే బాగా పనిచేసినట్టని చాలామంది అనుకుంటారు, అందులోని ఆల్కహాల్ ఆరిపోతూ చర్మాన్ని ఇంకా ఎండగడుతుంది. పటిక మంచిదే, చిన్న గాట్లకు రక్తం ఆపుతుంది, కానీ అదీ చర్మాన్ని బిగదీస్తుంది కాబట్టి రాసిన అర నిమిషానికి కడిగేయాలి. తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఇంకా తడి ఉండగానే గ్లిజరిన్ ఉన్న క్రీమ్ గానీ వాసెలిన్ గానీ పలచగా రాయాలి. పూర్తిగా ఆరాక రాస్తే పట్టుకోవడానికి తడే ఉండదు.

ఇప్పుడు కటింగ్ షాపుల గురించి. మా వీధి షాపులో ఉన్న అన్న పనితనానికి పేరు పెట్టడానికి లేదు, కానీ జనవరిలో కూడా స్ప్రే బాటిల్‌తో చన్నీళ్లు కొట్టి మొదలుపెడతాడు. నగరంలో చాలా షాపుల్లో ఇంతే. ఒక చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టుకుంటే సరిపోతుంది. నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత కరెంటు అని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది కూడా. బ్లేడు మన ముందే కొత్తది విరిచి వేస్తున్నారు, చాలా సంతోషం. అయితే చివర్లో అందరి మొహాల మీదా ఒకే పటిక గడ్డ రుద్దుతున్నారు. చలికి గాట్లు ఎక్కువ పడే ఈ నెలల్లోనే అది ఎక్కువ ప్రమాదం. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. షాపు వాళ్లను తప్పుపట్టడానికి చెప్పట్లేదు, వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. పటిక పొడి చేసి చిటికెడు నీళ్లలో కలిపి దూదితో అద్దినా సరిపోతుంది, లేదా మన పటిక మనమే జేబులో పెట్టుకెళ్లొచ్చు, నేను అదే చేస్తున్నా.

అన్నిటికంటే ముఖ్యంగా అయ్యప్ప స్వాముల గురించి రాయమని మిమ్మల్ని కోరుతున్నా. 41 రోజుల దీక్షలో గడ్డం ముట్టుకోరు. జ్యోతి చూసొచ్చి మాల తీసేసరికి సంక్రాంతి, అంటే చలి ఇంకా పోని రోజులు. అంత పెరిగిన గడ్డాన్ని ఒకేసారి బ్లేడుతో తీయిస్తే వెంట్రుకలు లాగుతాయి, బ్లేడు ఇరుక్కుంటుంది, కింద 41 రోజులు గాలి వెలుతురు తగలని చర్మం తెగిపోతుంది. మా మేనల్లుడికి మెడ నిండా పొక్కులు లేచి రెండు వారాలు షర్టు కాలరు వేసుకోలేకపోయాడు. ముందు కత్తెరతో గానీ ట్రిమ్మర్‌తో గానీ దగ్గరగా కత్తిరించి, వేడి తువ్వాలు రెండుసార్లు వేసి, ఆ తర్వాతే బ్లేడు పెట్టాలి. వీలైతే ఆ రోజు ట్రిమ్మర్‌తో ఆపేసి, బ్లేడు రెండు రోజులు ఆగి పెట్టుకుంటే ఇంకా మంచిది. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఈ విషయంలో అసలు తొందరపడకూడదు.

మీ చలికాలం పేజీలో ఒక చర్మ డాక్టరుతో మాట్లాడి ఇవన్నీ పెద్ద అక్షరాల్లో వేయండి, కటింగ్ షాపుల్లో మీ పత్రిక రోజూ చదువుతారు, వేస్తే గోడకు అంటించుకుంటారు. సంక్రాంతికి ముందే వస్తే ఈ ఏడాది మాల తీసే స్వాములకు అందుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అల్వాల్, హైదరాబాద్