పెగూ రామాలయం పైకప్పుకు, గంట మండపానికి విరాళాల విజ్ఞప్తి

రంగం (రంగూన్) బంధువులందరికీ బర్మాలోని పెగూ (ఇప్పటి బాగో) నుంచి నమస్కారం.

నవమి దగ్గర పడింది. అది దాటితే నెలన్నరకే వానలు. పెగూ వాన ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టి పెరిగిన మీకు మేము చెప్పాలా? గర్భాలయం మీది కప్పు ఈసారి ఆగదని మేస్త్రీ తేల్చేశాడు. 2025 మార్చి 28న మాండలే వైపు 7.7 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మన గుడిలో ఏదీ కూలలేదు కానీ, ఉత్తరం గోడలో పాత బీట మళ్లీ విచ్చుకుంది.

ఆ బీట ఎప్పటిదో మీ ఇంటి పెద్దలు చెప్పే ఉంటారు. 1930 మే 5. గాంధీజీని అర్ధరాత్రి దాటాక అరెస్టు చేసిన రోజే. రాత్రి ఎనిమిది దాటాక భూమి కదిలింది. పెగూలో 500 మంది దాకా, రంగంలో 50 మంది దాకా పోయారు. కూలగా మిగిలింది మంటల్లో కాలింది. ఈ ఊరి పెద్ద బౌద్ధ స్తూపం, అంతటి ష్వేమాదో పగోడాయే పడిపోయింది. ఆ నెలాఖరుకే రంగం రేవులో మన కూలీల మీద దాడులు. ఇన్ని చూసి కూడా తిరుగు ఓడ ఎక్కనివాళ్లు తలా ఒక రోజు కూలి వేసి ఈ గుడిని మళ్లీ నిలబెట్టారు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి వచ్చిన మన తాతలే వాళ్లు.

ఇక గంట సంగతి. ఆ రాత్రి ఎవరూ తాడు ముట్టకుండానే గంట దానంతట అదే మోగిందట. ఆ చప్పుడుకే బయటికి పరుగెత్తి బతికామని మా నాయనమ్మ చనిపోయేదాకా చెప్పింది. ఆ గంట ఇప్పుడు స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక పడి ఉంది. దానికి టేకు స్తంభాలతో నాలుగు కాళ్ల మండపం కట్టించాలని నేను ఎనిమిదేళ్లుగా మొత్తుకుంటున్నాను. స్తంభాల కొలతలు కూడా రాసి పెట్టాను. ముందు కప్పు, తర్వాతే గంట అని కోశాధికారి గారి వాదన. కాదనను. కానీ ఒకసారి పనివాళ్లు దిగాక రెండూ కలిపి చేయిస్తే ఖర్చు తగ్గదా?

లెక్క కావాలంటే, మన రూపాయల్లో 18 లక్షలు. చేతిలో ఏడు లోపే ఉంది. వివరాలు అడిగినవారికి పంపుతాం.

ష్వేమాదోను ఇక్కడివాళ్లు ఊరకే వదిలేయలేదు. చందాలు వేసుకుని, ఇటుకలు తామే మోసి 1954కల్లా పూర్తి చేశారు. ఇప్పుడది 374 అడుగులు, రంగంలోని ష్వేడగాన్ పగోడా కంటే ఎత్తు. మనం అడుగుతున్నది ఒక్క కప్పు.

1964లో ఓడలెక్కి విశాఖలోని బర్మా క్యాంపుకు (తిరిగొచ్చినవాళ్ల కాలనీకి) చేరిన కుటుంబాలు మమ్మల్ని మరవలేదు. ధ్వజస్తంభం ఇత్తడి తొడుగు వాళ్లదే. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన పిల్లల దగ్గర నుంచే ఈ ఏడాది ఉత్తరం లేదు, ఫోన్ లేదు. తప్పు పట్టడం లేదు. మీ ఇంట్లో రంగం పెట్టె ఇంకా ఉంటే ఒకసారి మూత తీసి చూడండి, మన గుడి రసీదు ఒకటైనా దొరుకుతుంది.

విరాళంతో పాటు ఇంటిపేరు, తాతల ఊరు రాయండి. పాత దస్త్రంలో ఆ ఊరి పేరు కిందే ఎక్కిస్తాం. మేస్త్రీ నవమి వరకే ఆగుతానన్నాడు.

కార్యదర్శి, ఆలయ కమిటీ తరఫున

కోశాధికారి రాయమన్న మాట: ‘గంటకు’ అని ప్రత్యేకంగా రాయని డబ్బంతా కప్పుకే వాడతాం. రాయడం మరవకండి.